‘సహారా’ చిత్రంలోని బావి

అమెరికాకు చెందిన కొలంబియా సంస్థ 1943లో విడుదల చేసిన ‘సహారా’ నలుపు-తెలుపు యుద్ధచిత్రాలలో మిక్కిలి పేరు గడించినది. దర్శకుడు హంగేరీలో జన్మించిన జోల్టాన్ కోర్డా, కథానాయకుడు హంఫ్రీ బోగార్ట్. 1942 జూన్‌లో తోబ్రూక్ జర్మన్ల వశమైన రోజులవి. ‘లులుబెల్’ అనే ముద్దుపేరు గల ఒక అమెరికన్ ట్యాంకు ఎడారిలో వెనుకకు మళ్లుతూ, దారిలో చెదరిపోయిన కొందరు సైనికులను ఎక్కించుకుంటుంది. ఇంచుమించు ఎండిపోయిన ఒక బావి వద్ద ఆ గుప్పెడు మంది, దాహంతో అలమటిస్తూ వచ్చిన జర్మన్ పటాలాన్ని నిలువరించటమే కథ.

ఈ కథ మూలాన్ని వెదకితే ఆశ్చర్యం కలుగుతుంది. ఫిలిప్ మెక్‌డొనాల్డ్ 1927లో ‘పెట్రోల్’ అనే నవల రాశాడు. దాని ఆధారంగా జాన్ ఫోర్డ్ 1934లో ‘ది లాస్ట్ పెట్రోల్’ తీశాడు. అందులో మొదటి ప్రపంచయుద్ధ కాలపు మెసపొటేమియా ఎడారిలో దారి తప్పిన బ్రిటిష్ సైనికులను అరబ్బులు ఒక్కొక్కరినే కాల్చి చంపుతారు. ఆ అరబ్బులకు మాటా లేదు, కథ చివరిదాకా ముఖమూ లేదు. 1936లో సోవియట్ దర్శకుడు మిఖాయిల్ రోమ్ ఇదే ఇతివృత్తాన్ని మధ్య ఆసియా ఎడారికి మార్చి ‘పదముగ్గురు’ అనే చిత్రం తీశాడు. అక్కడ బావి కోసం వచ్చే శత్రువులు ‘బస్మాచీలు’. ఈ మాటకు దోపిడీగాడు అని అర్థం. అది ప్రత్యర్థులు అంటగట్టిన పేరే తప్ప ఆ ముస్లిం తిరుగుబాటుదారులు తమకు తాము పెట్టుకున్నది కాదు. 1918లో కోకంద్ స్వపరిపాలనను బోల్షెవిక్కులు అణచివేసిన పిమ్మట ఆ తిరుగుబాటు విస్తరించిందన్న సంగతి చిత్రం చూసినవారికి తెలియదు. ఈ సోవియట్ చిత్రంలోని ఘట్టాన్నే కోర్డా తీసుకున్నాడు. ‘సహారా’కు కథ సమకూర్చినవారిలో మెక్‌డొనాల్డ్ కూడా ఉండటం విశేషం.

ఇంత దూరం వచ్చేసరికి ముస్లిం పాత్ర అటునుండి ఇటు మారింది. సూడాన్ సైన్యానికి చెందిన సార్జెంట్ మేజర్ తంబూల్ ఇందులో శత్రువు కాడు. బావుల జాడ తెలిసినవాడు అతడొక్కడే. రెక్స్ ఇంగ్రామ్ అనే నల్లజాతి నటుడు ఈ పాత్ర ధరించాడు. రాతిసందుల నుండి బొట్టుబొట్టుగా జారే నీటిని బావి అడుగున దోసిలి పట్టి సేకరించే దృశ్యం మరపురానిది. తనను ఒక నల్లవాడు సోదా చేయటమా అని నాజీ పైలటు ఛీత్కరిస్తాడు. చివరకు, పారిపోతున్న ఆ పైలటును వెంటాడి మట్టుబెట్టి, తిరిగివస్తూ ప్రాణాలు విడిచేది తంబూలే. అమెరికా సైన్యంలోనే నల్లవారిని వేరు దళాలలో ఉంచిన కాలంలో ఇది చిన్న విషయం కాదు. స్క్రీన్‌ప్లే రాసిన జాన్ హోవర్డ్ లాసన్ తరువాత కమ్యూనిస్టువా అన్న ప్రశ్నకు జవాబివ్వనందుకు అమెరికా కాంగ్రెస్ ధిక్కార నేరంపై జైలుకు వెళ్లాడు.

నలుగురు భార్యల ప్రస్తావన కూడా ఉంది. టెక్సాస్ సైనికుడొకడు అడిగితే, నలుగురుంటే ఒకరికొకరు తోడుగా ఉంటారన్న ధోరణిలో తంబూల్ సరదాగా చెబుతాడు. తనకు మాత్రం ఒక్కతే భార్య, రెండో పెళ్లికి ఆమె ఒప్పుకోదు! సంభాషణ ఆహ్లాదకరమే, కాని శాస్త్రం అది కాదు. నిసా సూరాలోని అనుమతి అనాథల సంరక్షణ సందర్భంలో వచ్చింది, న్యాయం పాటించలేనివారికి ఒక్కరితోనే సరిపెట్టింది.

కోర్డాకు ఈ మార్పు ఊరకే రాలేదు. అతని ‘ది డ్రమ్’ చిత్రం వాయవ్య సరిహద్దు ముస్లిములను దుష్టులుగా చూపిందని 1938లో బొంబాయిలోనూ మద్రాసులోనూ నిరసనలు చెలరేగాయి. 1943 నాటికి మిత్రరాజ్యాలకు ముస్లిం ప్రజల సహకారం కావలసివచ్చింది. యుద్ధావసరం కొన్నిసార్లు కళ్లు తెరిపిస్తుంది. పూర్తిగా కాదు. అదే ఇసుకలో పోరాడిన నాలుగవ భారత డివిజన్‌లో పంజాబీ ముస్లిములు, మద్రాసు శాపర్లు ఉన్నారు. చిత్రంలో ఒక్క భారతీయుడూ లేడు.

అంతకన్నా పెద్ద లోటు మరొకటి. లిబియాలో జరిగే ఈ కథలో లిబియన్లు లేరు. ఇటాలియన్ ఖైదీ జుసెప్పేను ముసోలినీని ద్వేషించే సాధు కుటుంబీకుడిగా చూపారు. ఆ పాత్ర ధరించిన జె. కారల్ నేష్ ఆస్కార్ పోటీలో నిలిచాడు. అలాంటి ఇటాలియన్లు లేకపోలేదు. అయితే 1911లో ఆ దేశంపై పడిన ఇటలీ, 1930 నుండి సైరెనైకాలో దాదాపు లక్షమంది సంచార ప్రజలను నిర్బంధ శిబిరాలకు తరలించింది. వారిలో పదుల వేలమంది మరణించారు. ఈజిప్టు సరిహద్దు పొడవునా సుమారు 270 కిలోమీటర్ల ముళ్లకంచె వేసింది. ఉమర్ ముఖ్తార్‌ను 1931 సెప్టెంబరు 16న సులూక్‌లో తన ప్రజల ఎదుటే ఉరితీసింది. తిరుగుబాటుదారులకు నీరందకుండా బావులను పూడ్చింది కూడా ఆ సైన్యమే. తంబూల్ దోసిలి పట్టిన బావి ఎందుకు ఎండిందో చిత్రం అడగదు. దాని యజమానులు ఎవరో, ఎటు వెళ్లారో కూడా అడగదు.

వారు ఊరికే కూర్చోలేదు. ఇద్రీస్ సనూసీ పిలుపుపై 1940లోనే లిబియన్ అరబ్ దళం బ్రిటిష్ పక్షాన ఏర్పడింది. లిబియా 1951 డిసెంబరు 24న స్వతంత్రమైంది. పరాయి సైన్యాలు పాతిన మందుపాతరలు ఆ తరువాత కూడా అక్కడి పశువుల కాపరుల ప్రాణాలు తీస్తూనే వచ్చాయి.