అండమాన్ – విశాఖ గగన దూరం: ఒక చారిత్రక పరిశీలన

అండమాన్ దీవుల ముఖ్యపట్టణంలోని బతు బస్తీకి విమానాశ్రయం ఎంతో దూరం కాదు. అక్కడి నుంచి మాతృభూమి ఎంత దూరమన్న ప్రశ్నకు మాత్రం రెండు సమాధానాలు ఉన్నాయి. ఒకటి భూగోళం చెప్పేది, మరొకటి చరిత్ర చెప్పేది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో అనేక కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాలలో ఉన్నాయి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి గగనమార్గాన విశాఖపట్నం సుమారు 1,225 కిలోమీటర్లు, కోల్‌కతా 1,305, చెన్నై 1,370. అనగా ఈ మూడు రేవు నగరాలలో విశాఖయే సమీపమైనది. అయినను నేరుగా విమానం లేనినాడు విశాఖ చేరవలసినవారు చెన్నై మీదుగా సుమారు 1,990 కిలోమీటర్లు, కోల్‌కతా మీదుగా 2,080 కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది.

ఈ వైపరీత్యానికి మూలం పరిపాలనా చరిత్రలో ఉంది. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో కలకత్తా నుంచి వచ్చి ఇక్కడ శిక్షాస్థావరాన్ని నెలకొల్పాడు. నాటి రాజధాని కలకత్తా కావడంతో ఉత్తర్వులు, ఓడలు ఆ దారినే నడిచాయి. నేటికీ ఈ దీవులు కలకత్తా ఉన్నత న్యాయస్థానం పరిధిలోనివే. ఖైదీలను తెచ్చే 'మహారాజా' ఓడ కలకత్తా, మద్రాసు రేవులను ఎరిగినది. 1879 నాటి రంప పితూరీలో పట్టుబడిన మన్యం వీరులు కూడా ఈ సముద్రం దాటినవారే. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

1942–45 మధ్య దీవులను ఆక్రమించిన జపాన్ సైన్యం లాంబా లైన్ వద్ద విమానాల బాటకు నాంది పలికింది. స్వాతంత్ర్యానంతరం పౌర విమానాలు ప్రధానంగా పాత ఓడల దారినే అనుసరించి కలకత్తా, మద్రాసులతో దీవులను ముడివేశాయి. 2023లో కొత్త టెర్మినల్ ప్రారంభమై వసతులు పెరిగాయి. విశాఖకు నేరు సర్వీసులు మాత్రం ఆయా కాలాలలో మొదలై, ఆగుతూ వచ్చాయి.

ఈ అంతరం లెక్కలకే పరిమితమైనది కాదు. విశాఖకు ఓడ ప్రయాణం రెండు రోజులకు పైబడినది; ఓడ ప్రతిదినమూ ఉండదు. స్వగ్రామంలో తల్లి కన్నుమూసిందని కబురు అందిన కుమారునికి నేరు విమానం ఉంటే కడసారి చూపు దక్కుతుంది. లేకుంటే పెద్దకర్మకే చేరుకోగలడు. సుమారు రెండు గంటల గగనయానం ఈ రెండింటి నడుమ తేడాను నిర్ణయిస్తున్నది.

సముద్రం వెడల్పు నాడూ నేడూ ఒక్కటే. మారగలిగినది మార్గం మాత్రమే. శిక్షాస్థావరం అవసరాల కోసం ఏర్పడిన దారులను, అక్కడ ఇల్లు కట్టుకున్న ప్రజల అవసరాల దృష్ట్యా పునరాలోచించడం సముచితం.