క్షేత్ర పరిశీలన: జహీరాబాద్ ప్రాంత ప్రాథమిక విద్యలో

క్షేత్ర పరిశీలన అంటే పిల్లలు తమ ఊరి నేల, నీరు, పంటలను స్వయంగా చూసి భూగోళం నేర్చుకునే పద్ధతి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో ఎర్రనేలలు, నల్లరేగడి రెండూ ఉన్నాయి. తడిమట్టిని పిడికిట పిసికితే ఎర్రమట్టి పొడిపొడిగా విడిపోతుంది, రేగడి ముద్దై వేళ్లకు అంటుకుంటుంది. తేమను పట్టి ఉంచే రేగడిలో యాసంగి జొన్న ఎందుకు పండుతుందో పిల్లలకు చేనులోనే బోధపడుతుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఈ ప్రాంతంలోని మాచనూరులో నెలకొల్పిన పచ్చసాలె అనే బడి చదువుతోపాటు సేద్యం, చేతిపనులు నేర్పింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడి చదువును బయటి జీవితంతో ముడిపెట్టాలని కోరింది.

పొలానికి వెళ్తే సిలబస్ వెనకబడుతుందన్నది ప్రధాన అభ్యంతరం. అయితే పుస్తకంలోని నేలలు, వాలు, నీటిపారుదల చేనులో ఉన్నవే. ఊరి పటం గీసిన చేతికి దేశపటం తేలిక. ఎండ, రోడ్డు గురించిన భయం న్యాయమైనదే. ఉదయపు వేళ, దగ్గరి చేను, తోడుగా పెద్దలు ఉంటే అది తీరుతుంది.