ఎముక పొడవు, మనిషి ఎత్తు: ఒక శస్త్రచికిత్స చరిత్ర

కాలి ఎముకను కోసి, సాగదీసి, మనిషి ఎత్తు పెంచే శస్త్రచికిత్స గురించి మీరు వినే ఉంటారు. అయితే ఈ పద్ధతి పుట్టింది ఎత్తు కోసం కాదు. పొట్టిగా మిగిలిపోయిన కాలిని రెండో కాలితో సమానం చేయడానికి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చూద్దాం.

1905లో ఇటలీ వైద్యుడు అలెస్సాండ్రో కొడివిల్లా తొడ ఎముకను కోసి, బలంగా లాగి పొడవు పెంచే పద్ధతిని ప్రకటించాడు. కానీ కండరాలు, నరాలు ఆ లాగుడును తట్టుకోలేకపోయేవి.

దీనికి పరిష్కారం సోవియట్ యూనియన్‌లోని కుర్గాన్ ప్రాంతంలో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి, ఎముకలు అతకని సైనికులు అక్కడ ఎందరో ఉండేవారు. వారికి వైద్యం చేస్తున్న గవ్రీల్ ఇలిజారోవ్ 1950ల ప్రారంభంలో లోహపు వలయాలతో ఒక చట్రం తయారుచేశాడు. ఎముక గుండా దూర్చిన సన్నని తీగలను ఆ వలయాలకు బిగిస్తారు. మరలు తిప్పితే కోసిన ఎముక కొనలు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున దూరమవుతాయి. ఆ ఖాళీలో కొత్త ఎముక పెరుగుతుంది. 1964 టోక్యో ఒలింపిక్స్ హైజంప్ విజేత వలేరీ బ్రూమెల్ కాలు 1965లో మోటారు సైకిలు ప్రమాదంలో ఛిద్రమైంది. ఎన్నో ఆపరేషన్ల తరువాత ఆ కాలిని బాగుచేసింది ఇలిజారోవే. 1980లో ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరీ కుర్గాన్‌లో చికిత్స పొందాక ఈ పద్ధతి పశ్చిమ ఐరోపాకు చేరింది.

క్రమంగా ఏ లోపమూ లేనివారు కూడా ఎత్తు కోసం దీన్ని కోరసాగారు. ఒక లెక్క వేయండి. 5 సెంటీమీటర్లకు సాగదీయడానికే 50 రోజులు కావాలి. కొత్త ఎముక గట్టిపడటానికి మరికొన్ని నెలలు పడుతుంది. ఎముకతో పాటు కండరాలు, నరాలు, రక్తనాళాలు కూడా సాగాలి. అవి వెనుకబడితే కీళ్ళు బిగుసుకుపోతాయి, పాదం వంకరపోతుంది, నరం దెబ్బతింటుంది. తీగలు దూర్చిన చోట చీము పట్టవచ్చు. ఎముక అతకకపోవచ్చు. ఇప్పుడు ఎముక లోపలే అమర్చి, బయటి అయస్కాంతంతో సాగదీసే కడ్డీలు వచ్చాయి. వాటితో తీగల బాధ తప్పింది కానీ మిగతా ప్రమాదాలు తప్పలేదు.

అందుకే 2006లో చైనా ఆరోగ్య మంత్రిత్వ శాఖ కేవలం అందం కోసం ఈ ఆపరేషన్ చేయరాదని నిషేధించింది. 2016లో హైదరాబాద్‌లో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తల్లిదండ్రులకు చెప్పకుండా ఈ ఆపరేషన్‌కు సిద్ధపడ్డాడు. అది పెద్ద వివాదమై, విషయం రాష్ట్ర వైద్య మండలి దాకా వెళ్ళింది.

బ్రూమెల్‌కు అప్పటికే కాలు పాడైంది. కాబట్టి అతడు ఆ ప్రమాదాలకు సిద్ధపడటంలో అర్థముంది. ఆరోగ్యమైన కాలిని కోయించుకునేవారి విషయంలో తూకం వేరు. పోయేది నడిచే కాలు, వచ్చేది కొన్ని సెంటీమీటర్లు. ఎవరైనా మీతో ఈ ఆపరేషన్ సులభమని అంటే, ముందు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.