97 పరుగుల తేడా: ఆటోనగర్ షెడ్డులో మొదలైన ఒక వాదన

క్రితం ఎపిసోడ్ కింద చాలామంది అడిగారు, విశాఖపట్నంలో క్రికెట్ చరిత్ర ఒకసారి చెప్పండి అని. చెప్తాను కానీ, అందరూ చెప్పే మ్యాచ్ గురించి కాదు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ కొట్టిన 148 మీ అందరికీ తెలుసు. ఈ రోజు మనం మాట్లాడుకునేది వైజాగ్‌లో జరిగి, వైజాగ్ వాళ్ళే సగం మంది మర్చిపోయిన మ్యాచ్ గురించి. 1996 ప్రపంచ కప్‌లో మన ఊరికి వచ్చిన ఒకే ఒక్క మ్యాచ్ అది. ఫిబ్రవరి 23, శుక్రవారం. ఆస్ట్రేలియా, కెన్యా.

ముందు నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో చెప్పాలి. మాది ఆటోనగర్. గాజువాక పక్కన, పోర్టుకీ స్టీల్ ప్లాంటుకీ తిరిగే లారీలన్నీ జబ్బు చేస్తే వచ్చి పడుకునే చోటు. మా నాన్నకి కమాన్ పట్టీల షెడ్డు ఉండేది. పక్క షెడ్డులో టింకరింగ్, ఆ పక్కన లేత్. సాయంత్రం ఆరయ్యాక సుత్తి చప్పుళ్ళు తగ్గితే మాటలు మొదలయ్యేవి. నాకప్పుడు పదమూడేళ్ళు. గ్రీజు తుడిచే గుడ్డలు మడతపెడుతూ ఆ మాటలు వినడమే నా ట్యూషన్ అనుకోండి.

అప్పటి మ్యాచ్‌లు ఇప్పటి పీఎం పాలెం స్టేడియంలో కాదు. ఊర్లోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియం, మనవాళ్ళు మున్సిపల్ స్టేడియం అనేవారు. అక్కడ మొదటి అంతర్జాతీయ వన్డే 1988 డిసెంబర్ 10న, న్యూజిలాండ్‌తో. ఆ రోజు శ్రీకాంత్ 70 పరుగులు చేశాడు, అది మామూలే. బంతి పట్టుకుని ఐదు వికెట్లు కూడా తీశాడు! ఓపెనర్ శ్రీకాంత్ ఐదు వికెట్లు తీసిన ఊరు మాది అని మా వాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

సరే, 1996కి వద్దాం. ఆ ప్రపంచ కప్‌లో 12 జట్లు. టెస్టులాడే తొమ్మిది దేశాలు, వాటితో పాటు కెన్యా, యూఏఈ, నెదర్లాండ్స్. ఈ మూడూ 1994లో ఐసీసీ ట్రోఫీ ఆడి, అందులో నెగ్గుకొచ్చిన జట్లు. ఎవరో జాలిపడి పిలిస్తే వచ్చినవి కావు. ఆస్ట్రేలియా మొదటి మ్యాచ్ నిజానికి ఫిబ్రవరి 17న కొలంబోలో ఆడాలి. కానీ జనవరి 31న కొలంబోలో సెంట్రల్ బ్యాంక్ దగ్గర బాంబు పేలింది. ఆస్ట్రేలియా వెళ్ళమని చెప్పేసింది, పాయింట్లు శ్రీలంకకి పోయాయి. అంచేత ఆ ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియా మొదటిసారి మైదానంలోకి దిగింది మన వైజాగ్‌లోనే.

మా షెడ్ల నుంచి ఇద్దరు వెళ్ళారు ఆ మ్యాచ్‌కి. ఒకరు టింకరింగ్ మేస్త్రి, ఇంకొకరు లేత్ మీద పనిచేసే ఆయన. ఆయన్ని నేను మావయ్యా అనేవాణ్ణి. సాయంత్రం వచ్చారు, ఎండకి మొహాలు కమిలిపోయి. రాగానే మేస్త్రి అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది: "ఏటిరా ఇది, మ్యాచ్చా? కోడిపుంజుని తెచ్చి దున్నపోతు ముందు వదిలినట్టుంది!"

స్కోరు చూస్తే మేస్త్రి మాటకి తిరుగు లేదు. మొదట్లో రెండు వికెట్లు తొందరగానే పడ్డాయి. పడినవాళ్ళలో ఒకడు 21 ఏళ్ళ రికీ పాంటింగ్, అదే అతని మొదటి ప్రపంచ కప్ మ్యాచ్. కానీ తర్వాత వా అన్నదమ్ములు నిలబడ్డారు. మార్క్ వా 130, స్టీవ్ వా 82, ఇద్దరూ కలిసి మూడో వికెట్‌కి 207. ఆస్ట్రేలియా 7 వికెట్లకి 304. కెన్యా 50 ఓవర్లూ ఆడి 7 వికెట్లకి 207. సరిగ్గా చూడండి, ఆ అన్నదమ్ములిద్దరూ కలిసి చేసినంత ఆ దేశం మొత్తం చేసింది. 97 పరుగుల తేడా.

మేస్త్రి వాదన ఏంటంటే, పనికిరాని జట్లని ప్రపంచ కప్‌కి తెచ్చి టికెట్ కొన్నవాడిని మోసం చేస్తున్నారు అని. అప్పటికే ఫిబ్రవరి 16న రావల్పిండిలో యూఏఈ మీద గ్యారీ కిర్‌స్టెన్ ఒక్కడే 188 నాటౌట్ కొట్టాడు. సౌత్ ఆఫ్రికా 169 పరుగులతో గెలిచింది. "వీళ్ళకి వేరే కప్పు పెట్టుకోమనండి, వాళ్ళలో వాళ్ళు ఆడుకుంటారు" అన్నాడు మేస్త్రి. షెడ్డులో ఎక్కువమంది అటే.

లేత్ మావయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. "50 ఓవర్లు నిలబడ్డారు గదా మేస్త్రీ. ఒటీనో 85 కొట్టాడు, ఒడుంబే 50 కొట్టాడు. మెక్‌గ్రాత్‌నీ వార్న్‌నీ ఆడి కొట్టాడు. నువ్వది చూణ్ణేదేటి?" అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడ్డానికి ఇంకో కారణం ఉంది. అది షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. అంతకు ముందేడు మా ఆటోనగర్ కుర్రాళ్ళ జట్టు ఒక టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌కి వెళ్ళింది. కెప్టెన్ లేత్ మావయ్యే. 31 పరుగులకి ఆలౌట్ అయ్యారు. అవతలివాళ్ళు నాలుగు ఓవర్లలో కొట్టేశారు. ఆ తర్వాతి ఏడు ఎంట్రీ ఫీజు పట్టుకెళ్తే నిర్వాహకులు తీసుకోలేదు, "మీతో మ్యాచ్ పెడితే జనం లేచిపోతున్నారు" అన్నారట. ఆ డబ్బు లెక్కపెట్టి తిరిగి జేబులో పెట్టుకొచ్చిన మనిషికి కెన్యా అంటే ఊరికే కెన్యా కాదు.

ఇక్కడ నుంచి చరిత్ర తమాషాగా ఉంటుంది. వైజాగ్ మ్యాచ్ అయిన ఆరు రోజులకి, ఫిబ్రవరి 29న, పుణెలో కెన్యా వెస్టిండీస్‌తో ఆడింది. కెన్యా 166కే ఆలౌట్. మేస్త్రి నవ్వి ఊరుకున్నాడు. తర్వాత వెస్టిండీస్ బ్యాటింగ్. లారా 8 పరుగులకి రజబ్ అలీ బౌలింగ్‌లో కీపర్‌కి దొరికాడు. 93కి జట్టంతా ఆలౌట్! 73 పరుగులతో గెలిచారు కెన్యా వాళ్ళు. ఆ జట్టులో చాలామందికి క్రికెట్ అంటే జీతం కాదు, పగలు వేరే ఉద్యోగాలున్నాయి. రెండుసార్లు ప్రపంచ కప్ గెలిచిన దేశాన్ని ఓడించారు.

అంతటితో ఆగలేదు. మార్చి 4న జైపూర్‌లో అదే వెస్టిండీస్ ఆస్ట్రేలియాని నాలుగు వికెట్లతో ఓడించింది. చూడండి వరస: ఆస్ట్రేలియా కెన్యాని చిత్తు చేసింది, కెన్యా వెస్టిండీస్‌ని కూల్చింది, వెస్టిండీస్ ఆస్ట్రేలియాని కొట్టింది. మరి ఇందులో పనికిరాని జట్టు ఏది? లేత్ మావయ్య ఈ మూడు మ్యాచ్‌లనీ సుద్దముక్కతో షెడ్డు తలుపు మీద బాణాలు గీసి రాశాడు. చాలారోజులు చెరపలేదు ఎవరూ.

మేస్త్రి మాటలో కూడా నిజం ఉంది, అది దాస్తే నేను చరిత్ర చెప్తున్నట్టు కాదు. పుణె అయిన వారానికి, మార్చి 6న క్యాండీలో శ్రీలంక ఇదే కెన్యా మీద 5 వికెట్లకి 398 కొట్టింది. అప్పటికి వన్డేల్లో అదే రికార్డు. నెదర్లాండ్స్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, యూఏఈ గెలిచిన ఒక్కటీ నెదర్లాండ్స్ మీదే. టికెట్ కొన్నవాడి కడుపుమంట అబద్ధం కాదు.

కానీ నేను లేత్ మావయ్య వైపే. ఎందుకంటే మన ఊరి రికార్డే చెప్తోంది. అదే మున్సిపల్ స్టేడియం, అదే ఆస్ట్రేలియా, 2001 ఏప్రిల్ 3. హేడెన్ 111, పాంటింగ్ 101. 1996లో ఇక్కడ తొందరగా అవుటైపోయిన కుర్రాడే ఈ పాంటింగ్. ఆస్ట్రేలియా 4 వికెట్లకి 338. ఇండియా 245. ఎంత తేడాతో ఓడాం? 93 పరుగులు. కెన్యా 97, మనం 93! నాలుగు పరుగులే ఎక్కువ గౌరవం. ఇండియాని వేరే కప్పు ఆడుకోమని ఎవరైనా అన్నారా?

మన తెలుగువాళ్ళ మధ్యనే ఇంకో ఉదాహరణ. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో రంజీ మ్యాచ్, హైదరాబాద్, ఆంధ్ర. హైదరాబాద్ 6 వికెట్లకి 944 కొట్టి డిక్లేర్ చేసింది. తొమ్మిది వందల నలభై నాలుగు అండీ, నేను తప్పు చదవలేదు. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. రంజీలో ఇప్పటికీ అదే అత్యధిక స్కోరు. ఎండలో బంతుల వెనక పరిగెత్తిన ఆ ఆంధ్ర ఫీల్డర్ల కాళ్ళు తలుచుకుంటే నాకు జాలేస్తుంది. ఆ రోజు ఎవరైనా "ఆంధ్ర జట్టుని తీసేయండి" అని ఉంటే, తర్వాత విశాఖ నుంచి వేణుగోపాలరావు ఇండియాకి ఎలా ఆడేవాడు? 2004లో ఇంగ్లాండ్-ఏ మీద సౌత్ జోన్ 501 పరుగులు ఛేదించినప్పుడు అందులో 228 నాటౌట్ అతనిదే.

ఇప్పుడు రెండో సగం వినండి. 944 కొట్టిన హైదరాబాద్, 2010 నవంబర్‌లో జైపూర్‌లో రాజస్థాన్ మీద 21 పరుగులకి ఆలౌట్ అయింది. ఇరవై ఒకటి. దీపక్ చాహర్ అనే 18 ఏళ్ళ కుర్రాడు తన మొదటి మ్యాచ్‌లోనే 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. అప్పుడు రంజీలో రెండు అంతస్తులుండేవి, పైన ఎలైట్, కింద ప్లేట్. మేస్త్రి అడిగిన వేరే కప్పు లాంటిదే ఈ ప్లేట్. హైదరాబాద్, రాజస్థాన్ రెండూ కింది అంతస్తులోనే ఉన్నాయి. ఆ ఏడు రంజీ ట్రోఫీ ఎవరు గెలిచారనుకుంటున్నారు? కింది అంతస్తు రాజస్థానే. ఎందుకు కుదిరిందంటే ప్లేట్ నుంచి పైకి నాకౌట్‌కి దారి వదిలిపెట్టారు. అంతస్తులు పెట్టడంలో తప్పులేదు. మెట్లు తీసేస్తేనే తంటా.

ఇది మన గోలే అనుకోకండి. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోన్‌లో చెప్పాడు, ఐర్లాండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉందట, అక్కడ టీ కొట్లు లేవు కానీ వాదన అచ్చంగా ఇదే. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నచ్చు, గోల్ పడితే మూడు పాయింట్లు, గోల్ కర్ర మీంచి పోతే అంతకంటే తక్కువ. ఆడేవాళ్ళకి జీతాల్లేవు, ఎవరి కౌంటీకి వాళ్ళు ఆడతారు. లెన్‌స్టర్ అనే ప్రాంతంలో 2011 నుంచి 2024 దాకా వరసగా 14 సార్లు డబ్లినే గెలిచింది. అంత జనాభా ఉన్న కౌంటీతో చిన్న కౌంటీలేం ఆడతాయి అని గొడవ. 2022లో బలహీనమైన కౌంటీలకి టాల్చన్ కప్ అని వేరే పోటీ కూడా పెట్టారు. 2023 లెన్‌స్టర్ ఫైనల్లో డబ్లిన్ లౌత్ అనే చిన్న కౌంటీని 36కి 15తో చితక్కొట్టింది. మరుసటి ఏడు మళ్ళీ అదే ఫైనల్, తేడా నాలుగు పాయింట్లకి దిగింది. 2025లో సెమీఫైనల్లో డబ్లిన్‌ని మీత్ ఓడిస్తే, ఫైనల్లో మీత్‌ని లౌత్ ఓడించి కప్పు పట్టుకుపోయింది, 1957 తర్వాత మొదటిసారి! 21 పాయింట్లతో ఓడిన రోజున పంపించేసి ఉంటే ఆ కప్పు లేదు కదా.

మరి కెన్యా ఏమైంది? 2003 ప్రపంచ కప్‌లో నైరోబీలో శ్రీలంకని ఓడించి, ఏకంగా సెమీఫైనల్ దాకా వచ్చింది. డర్బన్‌లో మన చేతిలో 91 పరుగులతో ఓడింది. నైరోబీకి రామని న్యూజిలాండ్ వదిలేసిన పాయింట్లు కూడా కలిసొచ్చాయి, అదీ నిజమే. తర్వాత జారుడు మొదలైంది. పెద్ద జట్లతో మ్యాచ్‌లు అంతంత మాత్రం. ఇంట్లో బోర్డు గొడవలు, ఆటగాళ్ళ సమ్మెలు. 2004లో ఒడుంబేకి బుకీల దగ్గర డబ్బు తీసుకున్నందుకు ఐదేళ్ళ నిషేధం. వైజాగ్‌లో 50 కొట్టిన ఒడుంబే, పుణెలో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఒడుంబే. అది విన్నరోజు లేత్ మావయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. 2014లో కెన్యాకి వన్డే హోదా పోయింది. 2007లో 16 జట్లున్న ప్రపంచ కప్ 2019కి 10కి వచ్చేసింది. మేస్త్రి కోరుకున్నట్టే అయింది అనుకోండి. 2027కి మళ్ళీ 14 అంటున్నారు.

వైజాగ్ సంగతి ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. 2023 మార్చి 19, ఆదివారం. పీఎం పాలెం స్టేడియం, ఇండియా, మళ్ళీ ఆస్ట్రేలియానే. స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు, మనం 26 ఓవర్లలో 117కి ఆలౌట్. హెడ్, మార్ష్ ఇద్దరూ 11 ఓవర్లలో కొట్టేశారు, ఒక్క వికెట్ పడలేదు. 234 బంతులు మిగిలిపోయాయి. కెన్యా 50 ఓవర్లు నిలబడిన ఊర్లో మనం 26 నిలబడ్డాం.

మేస్త్రికి అప్పటికి పని మానేసి చాలా ఏళ్ళయింది, కూతురింట్లో ఉంటున్నాడు. ఆ సాయంత్రం లేత్ మావయ్య ఆయనకి ఫోన్ చేశాడట. "మేస్త్రీ, ఇండియాకి వేరే కప్పు పెట్టమని ఉత్తరం రాయమంటావేటి?"

అవతల కాసేపు చప్పుడు లేదట. తర్వాత మేస్త్రి అన్నాడట: "ఒరే, ఇరవై ఏడేళ్ళు దాచుకున్నావురా ఈ మాట. ఫోన్ పెట్టేయ్."