ఉప్పలపాడు చెరువులో గూడబాతులు

గుంటూరు పక్కనే పెదకాకాని మండలంలో ఉంది ఉప్పలపాడు. కల్లాల్లో మిర్చి ఎండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ఊరి చెరువులోని తుమ్మచెట్లు పక్షులతో బరువెక్కుతాయి. తల్లి గూడబాతు ముక్కు తెరవగానే పిల్ల తన తలంతా ఆ గొంతు సంచిలోకి దూర్చి చేపను అందుకుంటుంది. గట్టు మీద నిలబడి ఎంతసేపైనా చూడవచ్చు.

ఈ పక్షుల వెనుక ఒక విషాద చరిత్ర ఉంది. 1946లో మలయాళ రచయిత, పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని చూశారు. అప్పట్లో అక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్ళు కట్టేవి. 1974 ప్రాంతానికి అది పూర్తిగా ఖాళీ అయింది.

నెల్లూరు వైపు నేలపట్టు కథ వేరు. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి బలమని అక్కడి రైతులు నమ్మారు, పక్షులను కాచుకున్నారు. 1976లో అది అభయారణ్యమైంది.

ఉప్పలపాడుది అంత పెద్ద నీటి వనరు కాదు, ఊరి చెరువే. అయినా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ పక్కనే పిల్లల్ని పెంచుతున్నాయంటే అది ముమ్మాటికీ ఊరివాళ్ళ గొప్పతనమే. చలికాలంలో మధ్య ఆసియా నుంచి గులాబీ గోరింకలు కూడా వస్తాయి. ఏప్రిల్ నాటికి తిరిగి వెళ్ళిపోతాయి.

చూడదలచినవారు ఈలోపే, పొద్దున్నే వెళ్ళండి. గట్టు మీద కేకలు వేయకండి, గూళ్ళలో పిల్లలుంటాయి.