రుజువు భారం

సంత రోజున అరకులో నెట్ సెంటర్ గుమ్మం ముందు చెప్పులు గుట్టపడతాయి. అడంగల్ కాపీ కోసం కొండ దిగివచ్చిన రైతు బల్లకు ఇవతల నిలబడితే, అవతల కుర్రాడు మీభూమి పోర్టల్ తెరుస్తాడు. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు అన్నీ అయ్యాక చివర్లో వంకరటింకర అక్షరాల గడి. కుర్రాడే కళ్లు చికిలించి చూసి కొడతాడు. తప్పయితే మరో బొమ్మ వస్తుంది. ఈలోగా సిగ్నల్ పోతే మళ్లీ జిల్లా దగ్గర్నుంచి మొదలు. భూమి రైతుది, మనిషినని రుజువు చేసుకున్నది కుర్రాడు.

ఈ తంతు 1997లో ఆల్టావిస్టా సెర్చ్ ఇంజిన్ దగ్గర మొదలైంది. ప్రోగ్రాములు కుప్పలుతెప్పలుగా వెబ్ చిరునామాలు పంపేస్తుంటే, యంత్రం చదవలేని అక్షరాలను ఆండ్రీ బ్రోడర్ బృందం అడ్డం పెట్టింది. 2003లో లూయీ వాన్ ఆన్, మాన్యుయల్ బ్లమ్, నికొలస్ హాపర్, జాన్ లాంగ్‌ఫర్డ్ రాసిన పరిశోధన పత్రం దీనికి సిద్ధాంతం కట్టింది. ఆ పత్రంలోని 'క్యాప్చా' అన్న పేరే నిలిచిపోయింది. 1950లో ట్యూరింగ్ ఊహించిన పరీక్షలో తీర్పరి మనిషి, ఇక్కడ తీర్పరి యంత్రం. 2007లో వచ్చిన రీక్యాప్చా, పాత పుస్తకాల్లో కంప్యూటర్‌కు అంతుపట్టని పదాలను జనం చేత చదివించుకుంది. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. అత్యంత కష్టమైన వంకర అక్షరాలను సైతం తమ ప్రోగ్రామే 99.8 శాతం కచ్చితంగా చదివేస్తోందని 2014లో ఆ సంస్థే ప్రకటించింది. తర్వాత బొమ్మల వంతు పెరిగింది. అమెరికా వీధుల్లో కనిపించే ఎర్రటి నీటి పంపులు ఏ గడుల్లో ఉన్నాయో గుర్తుపడితేనే మనం మనుషులం. అనంతగిరి ఘాట్‌లో పుట్టి పెరిగినవాడికి అదేమిటో ఎవరు చెప్పాలి?

అనుమానం మాత్రం అంతకంటే చాలా పాతది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డుకు కంకర సరఫరా చేసే కాంట్రాక్టరు రాజ్యధర్ కొనాయ్ అరచేతికి సిరా పూసి ఒప్పందం వెనక అచ్చు వేయించుకున్నాడు. రేపు ఆ సంతకం తనది కాదంటాడేమోనన్న భయం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. ముద్రలను వర్గీకరించే పని అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ చేశారు, పద్ధతికి పేరు మాత్రం పై అధికారి హెన్రీది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ఆ సిరాను మద్రాసు రాజధానిలో ఎరుకల వారి వేళ్లదాకా తెచ్చింది.

గూడెం, రంప కొండల్లో అప్పటికి వేరే ఏర్పాటు నడిచేది. ఎవరు ఎవరో, ముఠా అనే ఊళ్ల గుంపుపై పెత్తనం చేసే ముఠాదారుకు మొహం చూస్తే తెలుసు. అలాగని ఆ కాలాన్ని తలుచుకుని మురవనక్కర్లేదు, మొహం తెలిసినవాడే వెట్టికి పిలిచేవాడు. ముఠాలను రద్దు చేసిన రెగ్యులేషన్ 1969లో గానీ రాలేదు.

ఆ తర్వాత మొహం పోయి మళ్లీ వేలిముద్ర వంతు వచ్చింది. మొట్టమొదటి ఆధార్ సంఖ్యలను 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లాలోని టెంభ్లీ అనే ఆదివాసీ గ్రామంలోనే ఇచ్చారు. 2015లో ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాలకు ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. పసుపు తవ్వి, కాఫీ పండ్లు కోసి అరిగిన వేలు ఒకామె యంత్రం మీద పెడితే "ముద్ర పడట్లేదమ్మా" అంటాడు డీలరు. ఆమె వేలిని కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది, ఆ తర్వాత బొటనవేలు, ఆపైన ఎడమ చెయ్యి. ఆ డీలరు ఆమెను పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఎరుగును, కానీ ఆ ఎరుకకు యంత్రంలో మీట లేదు. సిగ్నల్ కోసం యంత్రాన్ని గుట్టెక్కించడం ఏజెన్సీలో వింతేమీ కాలేదు. పింఛనుదారులు బతికున్నామని చూపడానికి 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్‌కు 2021లో ముఖ గుర్తింపు తోడైంది. ఇప్పుడు ఫోన్ ముందు కళ్లార్పాలి.

వీటన్నిటిలోనూ రుజువు భారం గుమ్మం దగ్గర నిలబడ్డవాడిదే. దాన్ని తిరగేసిన శాసనం నాకు తెలిసి ఈ కొండల్లో ఒకటే ఉంది, 1/70. భూ బదలాయింపు నిబంధనల మీద 1970లో వచ్చిన ఆ సవరణ ప్రకారం, ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. ఆచరణలో దానికి ఎన్ని తూట్లు పడ్డాయో ఏజెన్సీ కోర్టుల్లో తిరిగినవారికి తెలుసు. అయినా ప్రశ్న అడగాల్సిన దిక్కు ఏదో చట్టం ఒక్కసారైనా సరిగ్గా చెప్పింది.

ఆ స్వాధీనం ఎవరిదో అడంగల్‌లో అనుభవదారు గడిలో రాసి ఉంటుంది. దాన్ని చూసుకుందామనే ఆ రైతు సంత రోజున దిగివచ్చాడు. కుర్రాడు మూడోసారి అక్షరాలు కొడుతున్నాడు.