ఇదేమిటో చెప్పుకోండి చూద్దాం!

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మా బాబాయికి చిన్న లేతు షెడ్డుంది. ఉప్పల్ నుంచి ఆదివారాలు అటెళ్తుంటాను. మొన్న బిల్లులు ఎగిరిపోకుండా టేబుల్ మీద పెట్టిన ఇత్తడి ముక్క ఒకటి కనబడింది. కిలోల లెక్కన కొన్న తుక్కులో వచ్చిందట. శంకువు ఆకారం, నడుమున తిరిగే రింగు, దాని చుట్టూ 0 నుంచి 22 దాకా గీతలు, ఒక పక్క చిన్న బాణం గుర్తు.

పాత ఆయుధాల ముక్కలు సేకరించేవాళ్ళకి ఇదో ఆట. ఒకరు పేరు చెప్పకుండా ముక్కని చూపిస్తారు, మిగతావాళ్ళు మరలు, ముద్రలు చూసి కనుక్కోవాలి. మేమూ మొదలెట్టాం. ఒకరు గ్యాస్ రెగ్యులేటర్ అన్నారు. ఇంకొకరు సర్వే పరికరమన్నారు (ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఉంది కదా మరి!). నేను టైమర్ అన్నాను. సగం మార్కులు నాకే.

ఆ బాణం బ్రిటిష్ సర్కారు సొత్తు మీద వేసే ముద్ర. దానికి 22 కలిపి వెతికితే దొరికింది: మొదటి ప్రపంచయుద్ధం నాటి 80 నంబరు ఫ్యూజు. "కరెంటుదా?" అన్నాడు బాబాయి. కాదు, ఫిరంగి గుండు ముక్కుకి బిగించేది. లోపల రెండు రింగుల గాడుల్లో నల్లమందు కూరుతారు. రింగు తిప్పితే నిప్పు పాకాల్సిన దూరం మారుతుంది. గడియారం లేదు, బ్యాటరీ లేదు, ఆలస్యాన్ని పొడవుతో కొలిచారన్నమాట! టైమవగానే 18 పౌండర్ గుండు గాల్లోనే పేలి, దాదాపు 375 గోళీల్ని కిందున్న సైనికుల మీదికి చిమ్మేది. ఇప్పుడు ఇదే పనికి ఎలక్ట్రానిక్ ఫ్యూజులున్నాయి, మన ఇ.సి.ఐ.ఎల్. కూడా చేసింది.

తమాషా ఏంటంటే, అసలు డిజైను జర్మనీ క్రుప్ వాళ్ళది. యుద్ధానికి ముందే ఇంగ్లండులోని వికర్స్ లైసెన్సు తీసుకుంది. 1914 నుంచి అదే ఫ్యూజుతో జర్మన్లని చంపారు. యుద్ధమయ్యాక క్రుప్ రాయల్టీ బాకీ అడిగింది! చచ్చినవాళ్ళ లెక్కన కాదు, ఫ్యూజుల లెక్కన లెండి.

సైనికులు గుర్తుగా తెచ్చుకుని పేపర్‌వెయిట్లు చేసుకున్న ఫ్యూజులు బోలెడు. అవి ఖాళీవి. కానీ మందున్నదీ, లేనిదీ బయటికి ఒకేలా ఉంటాయి, తడి తగలని నల్లమందు వందేళ్ళయినా అంటుకుంటుంది. ఆ ముక్క చదివేదాకా నేను రింగు తిప్పుతూనే ఉన్నాను. బాబాయి అయితే, ఇత్తడి రేటు బావుందని, మర్నాడు వైసులో బిగించి విప్పుదామనుకున్నాడట.

మెల్లగా టేబుల్ మీద పెట్టేసి, అందరం రోడ్డు మీదికొచ్చి 100కి ఫోన్ చేశాం. బిల్లుల మీద ఇప్పుడు పాత బేరింగు ఉంది.